తవుడుకి కొన్న కారు

“తవుడు పుచ్చీసుకున్నాక మరింక ధరేటి? అడుగు, తవిటమ్మా.”

వాలుకుర్చీలో కూర్చున్న జగన్నాధం ఈ మాట ఆ ఇంట్లో వడ్లు దంచే తవిటమ్మ ముఖం చూసే అన్నాడు. కాని అది తలుపు వెనక నిలబడ్డ తన తమ్ముడి భార్యకు తగలవలసిన మాట అని తవిటమ్మకే కాదు, వీధి అరుగు దగ్గర చేరిన పదిమందికీ తెలుసు.

తవిటమ్మ రెండడుగులు నడిచి తలుపు దగ్గరకు వచ్చింది. “సిన్నమ్మగారూ, తవుడు పుచ్చీసుకున్నాక మరింక ధరేటని అడగతన్నారు పెదబాబు.”

“బండికున్న దోషం పోవాలని పుచ్చుకున్న తవుడు గాని, బండి అమ్ముకుని పుచ్చుకున్నది కాదని చెప్పు,” అంది సుభద్రమ్మ.

“బాబూ, అది దోషం తవుడట. బేరం తవుడు కాదట.”

“దోషం తవుడని వేరే ఉంటాదేటే? దంపితే రాలీది ఒకటే తవుడు!”

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు.

బావగారి ఎదుటపడి మాట్లాడకూడదన్నది ఆ ఇంటి కట్టడి. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో సుభద్రమ్మ ఆ కట్టడిని ఒక్కనాడూ దాటలేదు. మొదటిసారే స్పష్టంగా వినబడిన మాటను, తవిటమ్మ నోట రెండోసారి వినేవరకూ విననట్టు ఉండిపోవడం ఉభయులకూ అలవాటైన మర్యాద. ఆ మర్యాదలో ఒక సౌకర్యమూ లేకపోలేదు. జవాబు వెతుక్కోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఈవేళ ఆమెకు వ్యవధి అక్కర్లేదు. వారం రోజులుగా ఆమె వేరే ఏమీ ఆలోచించలేదు.

తప్పు తనదే. గుమ్మడివలసలో ఆ నల్ల ఆస్టిన్ కారును అందరూ పాడెబండి అనేవారు. ఆమె భర్త డాక్టరు నరసింగరావు పదిహేనేళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళ రోగులను ఆ కారులోనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి చేర్చాడు. వెళ్ళినవాళ్ళలో పదకొండుమంది శవాలై అదే కారులో తిరిగి వచ్చారు. జ్వరం తగిలితే ముందు సోది అడిగించి, తరవాత మంత్రం వేయించి, ఆ తరవాత పసరు పోయించి, కళ్ళు తేలవేశాక రోగిని కారెక్కించేవారు. ఆలస్యంగా బయలుదేరిన దోషమంతా కారుకు చుట్టుకుంది. నయమైనవాళ్ళు ఏ పదిరోజులకో బస్సెక్కి ఇంటికి వచ్చేవారు. బస్సు దిగినవాణ్ణి ఎవరూ లెక్కపెట్టరు.

కిందటి కార్తికంలో డాక్టరు గుండెజబ్బుతో తన ఇంట్లోనే, తన మంచం మీదే పోయాడు. ఊరు దాన్ని కూడా కారు పద్దులోనే వేసి, పన్నెండు అంది.

పది రోజుల కిందట గరివిడి నుంచి ఒక కాంట్రాక్టరు కారు కొనడానికి వచ్చి, ఈ లెక్క చెవిన పడగానే, ఇచ్చిన మజ్జిగైనా తాగకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు జగన్నాధం ఉపాయం చెప్పి పంపాడు. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళల్లో, ఆ తరవాత పుట్టిన బిడ్డను చేటలో వేసి తవుడుకి అమ్మి దోషం తీయిస్తారు. కారునూ అలాగే తవుడుకి అమ్మితే సరి. పరాయివాళ్ళెందుకు, తానే కొంటాడు. సుభద్రమ్మకు దోషం మీద నమ్మకం లేదు. కాని కొనేవాళ్ళకు ఉంది కదా, కుంచెడు తవుడుతో వాళ్ళ భయం తీరితే తనకు పోయేదేమిటి అనుకుంది. పదిమంది ఎదుట కొంగుపట్టి తవుడు పోయించుకుంది. ఆ సాయంత్రమే జగన్నాధం మనుషులు కారును తోసుకుపోయి అతని పశువులసాల ముందు నిలబెట్టారు. అక్కడి నుంచి అది కదలలేదు. అడిగితే, కొన్నాను కదా అన్నాడు.

నమ్మనిదాన్ని నమ్మినట్టు నటిస్తే చౌకలో పని జరిగిపోతుందనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

“ఇంకేటంతాది?” అన్నాడు జగన్నాధం వరండాలోంచి.

“ఏటనరేటమ్మా?” అంది తవిటమ్మ.

“ధర నేనూ చెప్పను, ఆయనా చెప్పొద్దు. విజయనగరం నుంచి మెకానిక్కు వచ్చి సాల దగ్గర కూర్చున్నాడు. బండిని చూసి ఆయన చెప్తాడు.”

“ఎవులు పిలిసినారట? కూలెవులు ఇస్తన్నారట?”

“నేనే. పదిహేను రూపాయలు. ధర ఎక్కువ చెప్పినా పదిహేనే, తక్కువ చెప్పినా పదిహేనే. పొద్దున్నే ఇచ్చేశాను.”

జగన్నాధం కుర్చీ కిర్రుమంది. “ఇంటి కారుకి పైఊరి మెకానిక్కెందుకు? పాత ఇనుము. కాటా ఏస్తే నాలుగొందలు రాదు. పోన్లే, తమ్ముడి పెళ్ళాం. అయిదొందలిస్తాను.”

“అయిదొందలకి ఆయిలింజను రాదని చెప్పు, తవిటమ్మా.”

“ఇంజనెందుకు? నానున్నాను గదా. ఆ మూడెకరాలు నా సేతిలోనే ఉండనీ. ఏటా రెండు బస్తాల సోళ్ళు పంపతన్నానా, నేదా?”

ఇద్దరూ అసలు విషయానికి వచ్చేశారు. తవిటమ్మ మధ్యలో నోరు తెరిచి, ఎవరి మాట ఎవరికి అందించాలో తెలియక మూసుకుంది.

డాక్టరు వాటాకి వచ్చిన ఆ మూడెకరాల మెట్టలో ఒక నుయ్యి ఉంది. రోహిణీకార్తెలో కూడా దానిలో రెండు నిలువుల నీరు నిలుస్తుంది. ఆ నీటిని పైకి తెచ్చే ఆయిలింజను విజయనగరంలో రెండువేల ఎనిమిది వందలు. ఆడమనిషికి అరువు ఇవ్వం అన్నారు కొట్టువాళ్ళు. నీరు పైకి వస్తే మెట్ట పల్లమవుతుంది. సుభద్రమ్మ సొంతాన సేద్యం చేసుకుంటుంది, ఒకరు పంపే రాగుల బస్తాల కోసం చూడదు. నీరు పైకి రాకపోతే మెట్ట మెట్టగానే, బావగారి చేతిలోనే ఉంటుంది. ఇప్పటికే మృగశిర ప్రవేశించింది.

*

పశువులసాల సుభద్రమ్మ పెరటి గుమ్మానికి ఎదురుగా ఉంది. ఆమె గుమ్మం లోపల నిలబడింది. జగన్నాధం సాల ముందు నిలబడ్డాడు. వీధిలో ఉన్నవాళ్ళంతా ఇటు వచ్చారు గాని, కారుకు నాలుగు బారల దూరంలోనే ఆగిపోయారు.

మెకానిక్కు గణపతిరావు బక్కపలుచటి మనిషి. యుద్ధం రోజుల్లో మిలటరీ వర్క్‌షాపులో పని నేర్చాడు. కళ్ళజోడు పడిపోకుండా వెనక దారంతో కట్టుకున్నాడు.

అతను బానెట్టు ఎత్తబోతుంటే జగన్నాధం భుజాన ఉన్న తువ్వాలు తీసి, తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి అతని ముందు చాపాడు.

“వేళ్ళు పట్టు.”

“ఇదేటి నాయుడుగారూ?”

“సంతలో ఎడ్లకి ఇలగే ధర సెప్తారు. గుడ్డకింద వేళ్ళు పట్టి సెప్పు. నీకూ నాకూ తప్ప ఇంకోలికి తెలీదు.”

గణపతిరావు తన చేతులు చూసుకున్నాడు. “నా సేతులకి నూనుంది బాబూ, తువ్వాలు పాడైపోతాది. అందరూ ఇనీలాగే సెప్తాను.”

గుమ్మం లోపల సుభద్రమ్మ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. వెంటనే తవిటమ్మను పిలిచి, “మెకానిక్కుకు ఒక మాట చెప్పు. నా ముఖం చూసి చెప్పొద్దు. బండిని చూసి చెప్పమను,” అంది.

“బండికి ముకమెక్కడున్నాదమ్మా?” అంటూ తవిటమ్మ వెళ్ళింది.

గణపతిరావు ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కిందికి దూరి, స్క్రూడ్రైవరు పిడితో అడుగు రేకు కొట్టి చూశాడు. ఒకచోట టక్కుమంది, ఒకచోట పొడి రాలింది. తరవాత ముందున్న కన్నంలోకి హేండిలు దూర్చి నెమ్మదిగా తిప్పాడు. ఇంజను స్టార్టు చేయడానికి కాదు. ఒక్కొక్క అరచుట్టు తిప్పి ఆగుతున్నాడు, నాడి చూస్తున్నట్టు.

“మొదటిది బాగా ఎదురుతిరగతన్నాది,” అన్నాడు తనలో తను. “ఇదీ బాగుంది. ఇది... ఉహుఁ. మెత్తగా ఉన్నాది. మళ్ళీ ఇది బాగుంది.”

“ఎద్దుకి పళ్ళు సూసినట్టు సూస్తన్నావు. ఏటయింది?” అన్నాడు జగన్నాధం.

“నాలుగు సిలిండర్లలో మూడోది బలం తగ్గింది నాయుడుగారూ. అది వాల్వు రోగమా, పిస్టను రింగుల రోగమా తెలియాల. వాల్వయితే కర్సు తక్కువ. రింగులయితే ఎక్కువ.”

“సోది అడగతావేటి?”

“సెంచాడు నూనెనడగతాను.”

మూడో ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో చెంచాడు ఇంజనాయిలు పోసి, ప్లగ్గు మళ్ళీ బిగించి హేండిలు తిప్పాడు. ఈసారి హేండిలు అతని చేతిని వెనక్కి తోసింది. గణపతిరావు ముఖం చిన్నబోయింది. అతనికి ఇంకా తీర్పు చెప్పే అలవాటు రాలేదు, రోగం తెలుసుకునే అలవాటే ఉంది.

“నూనె పోస్తే బలం వచ్చిందంటే, గాలి రింగుల పక్కనుంచి పోతన్నాదన్నమాట. వాల్వులోంచి పోయిందయితే నూనెకి మారదు.” అతను పెరటి గుమ్మం వైపు తలెత్తాడు గాని, చెప్పిన మాట గుర్తు వచ్చి కారు వైపే తిరిగాడు. “యుద్ధంలో పెట్రోలు దొరక్క దీన్ని బొగ్గుగ్యాసు మీద తోలినారు. ఆ మసి సిలిండరు బోరుని తినీసింది. అన్నీ బాగుంటే ఇరవయ్యారొందల బండి. బోరు, రింగులు అయిదొందలు. అడుగురేకు రెండొందలు. పోతే పంతొమ్మిదొందలు. ఇది నా మాట.”

సుభద్రమ్మ గుమ్మం పట్టుకుంది. ఇరవై ఎనిమిది వందలు రాకపోయినా, ఇరవై ఐదైనా వస్తుందని ఆశపడింది. నిజం తనకు చుట్టం కాదు. అడిగినవాళ్ళ పక్షాన మాట్లాడాలని దానికి నియమం లేదు. అయినా, అడిగింది తనే.

నాలుగొందల కాటా ఇనుము పంతొమ్మిదొందలయిందని ఊరంతా వింది. కాని జగన్నాధం ముఖం మెల్లగా విప్పారింది.

“సరే. పంతొమ్మిదొందలే. నేనొప్పుకున్నాను. బండి నాది గదా? పంతొమ్మిదొందలూ నాకిచ్చి తోలుకెళ్ళమను, తవిటమ్మా.”

జనంలో నవ్వు లేదు. ఎవరో “ఓలప్పో” అన్నారు.

తవిటమ్మ కదలలేదు.

“ఏటే? సెప్పమంటే?”

“ఉండండి బాబూ,” అంది తవిటమ్మ. “ఈ మాట నానట్టుకెల్లలేను. బరువుగా ఉన్నాది.”

“ఏటీ?”

“నాకు ముందు ముగ్గురు పుట్టి పోయేరు. నాను పుట్టీసరికి మా యమ్మ నన్ను సేటలో ఏసి తవుడుకి అమ్మీసింది. కొన్నామె పొద్దుగూకీదాకా ఉంచుకుని, అదే తవుడు తిరిగి పుచ్చుకుని నన్ను మా యమ్మ ఒళ్ళో పడీసింది. అందుకే నాను తవిటమ్మని. ఈ సుట్టుపట్ల ఎందరు తవిటమ్మలు నేరు? కొన్నాను, నాదే, అని ఉంచీసుకున్నోలెవులైనా ఉన్నారేటి?”

“అది పిల్లల సంగతి. ఇది బండి.”

“బండికి పిల్లల మందేసింది మీరే గదా బాబూ.”

ఈసారి నవ్వారు. జగన్నాధం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ దులపడంలో నోరు మూసుకోమన్న ఆజ్ఞ ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో వడ్లు దంచి, ఆ ఇంటి మాటలు మోసిన తవిటమ్మ ఆ ఆజ్ఞను గుర్తుపట్టకపోలేదు. చెంగు నడుముకు చుట్టుకుని మరీ చెప్పింది.

“మీ నాయిన పేరేటి బాబూ? తవిటినాయుడుగారు. ఆయన్ని తవుడుకి కొన్నదెవులు? మా తాతమ్మ. మా పాకలోకే తెచ్చి, పొద్దల్లా ఉంచి, సందేళ తిరిగిచ్చీసింది. ఇయ్యకపోతే? మీ నాయిన మాకు పాలేరై ఉండీవోడు. మీరు ఈ సాలలో పేడ తీసీవోరు. తవుడుకి కొన్నది కొన్నోలదే అంటే సెప్పండి, మా తాతమ్మ వారసురాలిగా నాను అడగతాను. ఈ సాల నాదా? ఆ ఎడ్లు నాయా? మీరు నావోరా?”

సాలలో ఎద్దు ఒకటి మెడ విదిల్చింది, గంటలు మోగాయి. ఆ తరవాత ఊరు నవ్విన నవ్వు గజపతినగరం దాకా వినబడి ఉంటుందని సుభద్రమ్మకు అనిపించింది.

జగన్నాధం ముఖం నల్లబడింది. నవ్వు తగ్గేవరకు నిలబడి, తరవాత అనూహ్యమైన మెత్తదనంతో అన్నాడు. “ముసిల్దానివి, ఏదో అన్నావు. నాను ఉంచీసుకుంతానని ఎవులన్నారు? ఆటకన్నాను.”

ఆట కాదని అందరికీ తెలుసు. కాని ఓడినవాడు ఆట అంటే ఊరు ఒప్పుకుంటుంది.

“బండి దానిదే. నానే కొంటాను. పంతొమ్మిదొందలు కాదు, ఇరవై ఎనిమిదొందలు. ఈవేళే. ఆయిలింజను కొనుక్కోమను. ఆడమనిషి నూతికాడ ఇంజను తిప్పుకోలేదు గాబట్టి నానే దగ్గరుండి తోలిస్తాను. మూడెకరాల సేద్యం ఇప్పుడెలగున్నాదో అలగే నాను సూసుకుంతాను. ఇంటి మర్యాదా ఇంట్లోనే ఉంటాది.”

జనం మెచ్చుకోలుగా గొణిగారు. బానెట్టు మూస్తున్న గణపతిరావు చెయ్యి గాలిలో ఆగింది.

తవిటమ్మ గుమ్మం దగ్గరకు వచ్చింది. “అమ్మా... అక్షరాలా అంతే,” అంది.

అక్షరాలా అంతే. ఇంజను ధరకు పైసా తక్కువ కాదు, ఎక్కువ కాదు. ఎవరు చెప్పారో గాని, ఆ అంకె ఆయనకు తెలుసు. సుభద్రమ్మ కళ్ళముందు ఒక్క లిప్తపాటు నీళ్ళు కనిపించాయి. పచ్చటి నారు మడులలోకి పారే నీళ్ళు. ఊ అంటే చాలు. ఆ నీళ్ళు ఎవరి చేతిమీదుగా పారితేనేం?

ఆమె లోపలికి వెళ్ళింది. ఒప్పుకుందనే అనుకున్నారు. జగన్నాధం కూడా అనుకున్నాడు.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో చేట ఉంది. చేటలో కుంచెడు తవుడు. ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. గడప దాటి, పెరటి మెట్లు దిగి, ఎండలోకి వచ్చి, జగన్నాధం పాదాల ముందు చేట పెట్టి నిలబడింది. ఆడవాళ్ళలో ఎవరో ఊపిరి బిగపట్టారు. జగన్నాధం చటుక్కున ముఖం సాల గోడవైపు తిప్పేసుకున్నాడు.

“బావగారూ,” అంది. తన గొంతులో ఆ పిలుపు ఆమెకే కొత్తగా వినబడింది. “మీ తవుడు మీకు ముట్టింది. ఇప్పుడు అడగతన్నాను. పంతొమ్మిదొందల బండికి ఇరవై ఎనిమిదొందలు ఎందుకిస్తన్నారు?”

జగన్నాధం గోడకు వేలాడుతున్న పలుపుతాడు సవరించాడు.

“ఇందాక అయిదొందలన్నారు. బండి అదే. ఇప్పుడు ఇరవై ఎనిమిదొందలన్నారు. బండి అదే. తక్కువిస్తే అన్యాయమని వారం రోజులు పోట్లాడేను. ఎక్కువిస్తే న్యాయమైపోతాదేటి? పైనున్న ఆ తొమ్మిదొందలు దేని ధరో చెప్పండి.”

“మనలో మనకి ఆ లెక్కలేటి?” అన్నాడు జగన్నాధం గోడతో.

“మనలో మనకే కావాలి. పరాయివాడయితే బండే కొంటాడు. మీరు బండితో పాటు నా నుయ్యి కొంటన్నారు. నుయ్యి అమ్మకానికి పెట్టలేదు.” ఆమె ఊపిరి తీసుకుంది. “పంతొమ్మిదొందలకి ఇస్తాను. రూపాయి తక్కువొద్దు, రూపాయి ఎక్కువొద్దు. కావాలా?”

గోడవైపు నుంచే జవాబు వచ్చింది. “అక్కర్నేదు.”

“మంచిది.”

“మంచిదేటి? పంతొమ్మిదొందలకి ఏ కొట్టువోడూ ఇంజనివ్వడు. ఈ ఊళ్ళో పాడెబండి కొనీవోడూ నేడు. కార్తె దాటిపోతాది. మళ్ళా ఈ సాల ముందుకే రావాల. అప్పుడు అయిదొందలు కూడా ఉండవు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమెను బాధించింది. చుట్టూ చూసింది. నాలుగు బారల దూరంలో ఊరు. తన పక్కన తవిటమ్మ. ఎదురుగా నల్లటి కారు. దాని ముందు, చేతిలో హేండిలు పట్టుకుని, పోట్లాటలో చిక్కుకున్న అతిథిలా ఇబ్బందిపడుతున్న గణపతిరావు.

ఆమె చూపు ఆ హేండిలు మీద ఆగిపోయింది.

“గణపతిరావుగారూ, మీరు చెప్పిన పంతొమ్మిదొందలు ఎక్కి తిరిగేవాడికి కదా?”

“అవునమ్మా. కారు మరి.”

“ఎక్కనక్కర్లేదు. తిరగనక్కర్లేదు. నీళ్ళు తోడాలి. తోడుతుందా?”

గణపతిరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. అతను ఆమెను చూడలేదు, కారునే చూశాడు. చూస్తున్నకొద్దీ అతని ముఖంలో ఏదో వెలుగు వచ్చింది.

“ఎందుకు తోడదు?” అన్నాడు నెమ్మదిగా. “ఇంజనంటే ఇంజనే. యుద్ధంలో లారీ పెట్టి పిండిమర ఆడించినాం. నూతికాడ నిలబెట్టి, ఎనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, టైరు తీసీసి రిమ్ముకి బెల్టు తగిలిస్తే... పంపు తిరగతాది. పెట్రోలుతో లేపి కిరసనాయిలు మీద నడపొచ్చు. కాగిపోతాదన్న బయ్యమూ నేదు, నీళ్ళు పక్కనే.”

“మూడో సిలిండరో?”

“దాన్ని మిగతా మూడూ మోస్తాయమ్మా. ఉమ్మడి సంసారం గదా.”

అనేశాక ఎక్కడ అన్నాడో గుర్తు వచ్చి నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు, తవిటమ్మ తప్ప.

“పంపు విడిగా కొనాలి కదా?”

“పాత పంపయితే అయిదొందలు. మీకు దీపాలతో పనిలేదు, ఎనక సీటుతో పనిలేదు. ఆ లేపిన చక్రం టైరుతోనూ పనిలేదు. అవి నాకిచ్చీయండి. పంపు నేను తెచ్చి బిగిస్తాను.”

సుభద్రమ్మ కారు వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఈ కారును అమ్మితే ఎంత వస్తుందని అందరూ అడిగారు, తనతో సహా. అది ఏం చేయగలదని ఒక్కరూ అడగలేదు.

“అయితే ధర తేలిపోయింది,” అంది. “బండి అమ్మను.”

జగన్నాధం గిర్రున తిరిగాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

“బండి అమ్మవు. మంచిదే. నూతికాడికి ఎలగెల్తావు? బండిదారి నా గట్టు మీంచెల్తాది. ఎడ్లబండికి నాను దారిచ్చేను. పాడెబండికివ్వను.”

“ఆ దారిలో మామగారి కాలం నుంచి అందరూ నడుస్తన్నారు.”

“నడవమను. సక్రం తిరగదు.”

ఆయన చేట దాటి, సాల వెనక నుంచి పొలాల వైపు వడివడిగా వెళ్ళిపోయాడు. మగవాళ్ళు కొందరు ఆయన వెంట వెళ్ళారు. కొందరు ఉండిపోయారు. ఉన్నవాళ్ళు కూడా కారు దగ్గరకు రాలేదు.

“తోలతారా?” అని గణపతిరావును అడిగింది సుభద్రమ్మ.

“నా పదిహేను రూపాయల పని ధర సెప్పడంతో అయిపోయిందమ్మా,” అన్నాడు గణపతిరావు. అంటూనే తన సంచిలోంచి పెట్రోలు డబ్బా తీసి ట్యాంకులో పోశాడు. హేండిలు దూర్చి గట్టిగా తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి కారు గొంతు విప్పింది. వెనక నుంచి నీలిరంగు పొగ సాల అంతా కమ్మింది. ఎడ్లు బెదిరాయి. జనం మరో రెండు బారలు వెనక్కి తగ్గారు.

సుభద్రమ్మ ముందు సీట్లో కూర్చుంది. తవిటమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె పెదవులు ఏదో జపిస్తున్నాయి.

“భయమైతే నడిచి రా, తవిటమ్మా.”

“బయ్యం నేదని ఎవులన్నారు? బయ్యంతోటే ఎక్కతన్నాను. పైడితల్లమ్మా, నువ్వే సూసుకో.” ఎక్కి, కళ్ళు మూసుకుని, వెనక సీటును రెండు చేతులతోనూ పట్టుకుంది. “బేగి పోనీ బాబూ, సంపితే సంపింది.”

కారు వీధి దాటింది. ఊరు చివర గోగుచేల పక్కనుంచి బండిదారిలోకి దిగింది. ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాడిలో అటూ ఇటూ ఒరుగుతూ, మిగతా మూడు సిలిండర్ల బలంతో మూడోదాన్ని మోసుకుంటూ నడిచింది. వెనక కొంచెం దూరంలో ఊరు నడుస్తోంది. దూరంగా తన నూతి గిలక దూలం కనిపించింది. మధ్యలో ఒక్క మలుపు, ఒక్క గట్టు.

మలుపు తిరగగానే గణపతిరావు వేగం తగ్గించాడు.

గట్టు మీద, దారికి నట్టనడుమ, గొడుగు వేసుకుని జగన్నాధం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన వెంట వెళ్ళిన మగవాళ్ళు ఇటొకరు అటొకరు పొలంలో నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఆయన చేతిలో కూడా గొడుగు తప్ప ఏమీ లేదు.

“అమ్మా,” అన్నాడు గణపతిరావు, “ఆపీమంటారా?”

“ఇంజను ఆపకండి. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో.”

“మరేటి సెయ్యమంటారు? కూకునున్నారు గదా.”

కారు చీమలా పాకుతూ పది గజాల దూరానికి వచ్చి, నిలబడి, నిలబడ్డచోటే దడదడలాడింది. తవిటమ్మ ఒక కన్ను తెరిచి, చూసి, మళ్ళీ మూసుకుంది. సుభద్రమ్మ అద్దంలోంచి ఎదుటి మనిషిని చూసింది. బావగారు. ఈ ఇంటికి పెద్ద. తన ముఖం ఇవాళే చూసిన మనిషి.

“హారను కొట్టండి,” అంది.

గణపతిరావు రబ్బరు బుడగ నొక్కాడు. పొలాల మీద కొంగలు లేచాయి.

జగన్నాధం గొడుగును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. కదలలేదు.

“మళ్ళీ,” అంది సుభద్రమ్మ.